రాజమండ్రి నల్లరాయి: పడమటి కనుమల నుంచి వచ్చిందా, ఇక్కడే పుట్టిందా?

పాతపటం: పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీల్లోనూ, గోదావరి తూర్పు ఒడ్డున కాతేరు దగ్గరా కనిపించే బసాల్టు (లావా గడ్డకట్టిన నల్లరాయి) దక్కన్ పీఠభూమిని కప్పిన లావాయేనని, సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలోని పడమటి కనుమల నుంచి ప్రవహించి వచ్చిందని నా అభిప్రాయం. ఇక్కడి రెండు లావా పొరల్లో కింది పొర రసాయన కూర్పు కనుమల్లోని అంబెనలి రాళ్లతోనూ, పై పొర కూర్పు మహాబలేశ్వర్ రాళ్లతోనూ సరిపోలుతోంది.

క్వారీమనిషి: వెయ్యి కిలోమీటర్లు చల్లారకుండా రావడానికి అదేమైనా ఫ్లాస్కులో పోసిన కాఫీయా?

పాతపటం: ఇంచుమించు అంతే. పైభాగం గడ్డకట్టి మూతలా నిలిస్తే, లోపలి లావా కొద్దిపాటి వేడిని మాత్రమే కోల్పోతూ పాత నదీలోయల వెంట చాలా దూరం పోగలదు.

నత్తగుల్ల: రెండు పొరల మధ్య సున్నపురాయిలో ఆల్చిప్పలున్నాయి కదా, దాని సంగతేమిటి?

క్వారీమనిషి: నేనూ అదే అడుగుతున్నాను. సముద్రపు నీరు వచ్చి సున్నం పేరుకునేంత విరామం తరువాత కూడా లావా అంత దూరం నుంచి మళ్లీ ఇదే చోటికి రావాలా? స్థానికమైన పగుళ్ల నుంచి కూడా వచ్చి ఉండవచ్చునని పరీక్షలో రాసినందుకు నాకు ఎనిమిది మార్కులు కోసేశారు. కారణమడిగితే పుస్తకం చూపించారు తప్ప రాయి చూపించలేదు.

పాతపటం: మీ మార్కులతో రాతికి సంబంధం లేదు. స్థానికమే అయితే లావాను పైకి తెచ్చిన డైకు, అంటే పగులులో గడ్డకట్టిన రాతిగోడ, ఒక్కటి చూపించండి.

క్వారీమనిషి: డైకు చూపమంటున్న మీరు ఎన్నడైనా క్వారీలోకి దిగారా? పైన రాజమండ్రి ఇసుకరాయి కప్పేసిన చోట, తీరం వైపు చమురు బావుల్లో లోతున తగిలిన బసాల్టు కింద ఏముందో ఎవరు చూశారు? కూర్పు ఒకటైతే శిలాద్రవం ఒకటని తేలుతుంది గాని, అది పైకి వచ్చిన పగులు కూడా ఒకటేనని తేలదు.

పాతపటం: ఈ మాట మొదటే అని ఉంటే సగం గొడవ తప్పేది. అయినా నా ఆధారం కూర్పొక్కటే కాదు. లావా చల్లారినప్పటి భూమి అయస్కాంత దిశ రాతిలో నిలిచిపోతుంది; కింది పొరలో ఆ దిశ తిరగబడి ఉంది, పై పొరలో ఇప్పటి దిశే ఉంది, కనుమల్లోనూ అదే వరుస.

క్వారీమనిషి: అది కాలాన్ని చెబుతుంది, దారిని కాదు.

నత్తగుల్ల: పొర అడుగున గాలిబుడగల గొట్టాలు ప్రవాహం సాగిన వైపు వంగుతాయంటారు కదా, అవి చూస్తే సరిపోదా?

క్వారీమనిషి: నేనెరిగిన క్వారీలో అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. వేసవిలో మోటార్లు పెట్టి తోడినప్పుడు దిక్సూచి పట్టుకుని వెళ్తాను.

పాతపటం: బసాల్టు పక్కన దిక్సూచిని నమ్మకండి, సూర్యుణ్ణి చూసి కొలవండి.