పాపకి సీలియాక్ అని తేలింది, ఇంగువ నుంచి పిండి మర దాకా అన్నీ డౌట్లే, హైదరాబాద్‌లో ఎలా మేనేజ్ చేస్తున్నారు?

కూకట్‌పల్లి అమ్మ:

అందరికీ నమస్తే అండి. మా పాపకి పదకొండేళ్ళు. చాన్నాళ్ళుగా హిమోగ్లోబిన్ తక్కువ, ఐరన్ సిరప్‌లు, టాబ్లెట్లు, దానిమ్మ, ఖర్జూరం, పల్లీ బెల్లం అన్నీ అయ్యాయి, కొంచెం పెరిగినట్టు పెరిగి మళ్ళీ మొదటికే వచ్చేది. మధ్యమధ్యలో కడుపుబ్బరం, నోట్లో పుళ్ళు, తోటి పిల్లలందరికంటే పొట్టిగా ఉండిపోయింది. మొదట చూపించిన చోట పిల్ల సరిగ్గా తినట్లేదని నన్నే అన్నారు. ఈమధ్య వేరే గ్యాస్ట్రో డాక్టర్ టీటీజీ ఐజీఏ అని రక్తపరీక్ష రాశారు, అది బాగా ఎక్కువ వచ్చింది, తర్వాత ఎండోస్కోపీలో చిన్నపేగు మొదట్లోంచి ముక్కలు తీసి బయాప్సీ చేస్తే సీలియాక్ అని కన్ఫర్మ్ అయింది. ఐరన్ ఒంటికి పట్టేది ఆ మొదటి భాగంలోనేనట, అక్కడి పొర గ్లూటెన్ (గోధుమ లాంటి వాటిలో ఉండే ప్రోటీన్) వల్ల దెబ్బతిన్నాక ఎన్ని మందులు మింగినా లాభం ఉండదన్నారు. గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ఇంకో ధాన్యం) ఇక జీవితాంతం బంద్.

మనం అన్నం తినేవాళ్ళం కదా, చపాతీ ఆపేస్తే సరిపోతుంది అంటున్నారు మా ఇంట్లో. నాకు అలా అనిపించట్లేదు. ఇంగువలో గోధుమ ఉంటుందని ఎక్కడో చదివాను, నిజమేనా? జొన్నపిండి బయట మరలో పట్టించొచ్చా? పాలు తాగితే పాపకి కడుపునొప్పి వస్తోంది, అది కూడా దీని వల్లేనా? వచ్చే కార్తీకమాసంలో ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఉంది, ప్రసాదం గోధుమ నూకతో చేస్తాం, దేవుడి ప్రసాదం చిటికెడు తింటే ఏమీ కాదని మా అత్తయ్యగారి పట్టు. ఆవిడకి పాపంటే ప్రాణం, గొడవ పెట్టుకోవాలని లేదు, ఎలా చెప్పాలో తెలియట్లేదు. చిన్నోడు ఎనిమిదేళ్ళవాడు, వాడికి ఏ ఇబ్బందీ లేదు, వాడికి కూడా టెస్ట్ చేయించాలా? దయచేసి అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జొన్నరొట్టె:

అక్కా, నాది ఉప్పల్. పెళ్ళైనంక రక్తం తక్కువ, తక్కువ అని తిరిగి తిరిగి ఆఖరికి సీలియాక్ అని తెలిసింది నాకు, చానా ఏండ్లాయె. ముందుగాల ఒక మాట, మీరు గోధుమ ఆపకముందే టెస్టులన్నీ చేయించుకున్నరు, అది చానా మంచిగైంది. కొందరు డౌట్ రాంగనే చపాతీ బంద్ పెట్టి తర్వాత టెస్టుకు పోతరు, అప్పుడు నార్మల్ వస్తది, మళ్ళ టెస్టు కోసమని వారాల తరబడి గోధుమ తినమంటరు, ఆ బాధ పగోళ్ళకు కూడా వద్దు.

ఇంగువ సంగతి నిజమే. మనం కొనే డబ్బాల ఉండేది ఉత్త ఇంగువ కాదు, ఆ బంకని గోధుమపిండిలనో మైదాలనో బియ్యప్పిండిలనో కలిపి చేస్తరు. డబ్బా వెనకకు తిప్పి ఆ సన్న అక్షరాలు చదవాలె, బియ్యప్పిండి, గమ్ అరబిక్ అని ఉన్నది చూసుకోవాలె, వీట్ అని గానీ మైదా అని గానీ ఉంటే అక్కడనే పెట్టేసి రావాలె. పప్పుచారు, పులిహోర, కందిపొడి, నిమ్మకాయ తొక్కు, అన్నిట్ల అదే పోపు పడ్తది కదా, చుట్టాలింటికి పోతే రొట్టె తినలే, అన్నమే తిన్న అని మనం ధీమాగ ఉంటం గని చారులనే ఉంటది. నేనైతే మా ఇంట్ల ఇంగువ మాన్పిచ్చి ఎల్లిపాయ పోపే పెడ్తున్న, ఎవ్వరికీ తేడా తెలుస్తలేదు.

ఇగ గిర్ని. బయట గిర్నిల పట్టియ్యకుర్రి, నేను గట్టిగ చెప్తున్న. మీకన్న ముందు ఎవరిదో గోధుమలు పట్టి ఉంటడు, ఆ పిండి రాళ్ళ మధ్యల ఉంటది, మూతికి కట్టే గుడ్డ సంచి ఉంటది చూడుర్రి, దాన్ని ఒక్కసారి దులిపితే తెల్లగ పొగ లేస్తది, అదంత గోధుమపిండే, తిన్నగ మీ జొన్నపిండిల పడ్తది. ముందు కొన్ని బియ్యం పోసి ఆడించి పారేస్తం, తర్వాత మీది పడ్తం అంటరు గిర్నోళ్ళు, అది సరిపోదు. ఇంట్ల పెట్టుకునే చిన్న పిండి మిషన్ కొనుర్రి, పైసలెక్కువే గని జీవితాంతం పని చెయ్యాలె కదా. అంతదాక జొన్నలు, బియ్యం మిక్సీల పట్టుకొని జల్లెడ పట్టుకోవచ్చు. జొన్నలు, సజ్జలు, రాగులు, కొర్రలు తెచ్చినప్పుడు తాంబాలంల పోసి ఏరాలె, గోధుమ గింజలు కలిసి వస్తయి, నాకు ఎన్నోసార్లు తగిలినయి. ఏరినంక మంచిగ కడిగి ఎండబెట్టాలె.

వంటింట్ల జల్లెడ, చపాతీ పీట, కర్ర, చెక్క గరిటెలు పాపకు కొత్తవి వేరే పెట్టుర్రి, వాటి సందులల్ల పిండి పోదు. స్టీలు గిన్నెలు మంచిగ తోముకుంటే చాలు. పూరీలు ఏంచిన నూనెల పాపకు అప్పడాలు ఏంచొద్దు. మీరు గోధుమపిండి కలిపేటప్పుడు పక్కన ఆమె ప్లేటు ఉండొద్దు, పిండి గాలికి లేసి పడ్తది.

తిండికి మాత్రం దిగులు పెట్టుకోకుర్రి. సర్వపిండి, సకినాలు, జొన్నరొట్టె, పెసరట్టు, రాగి సంకటి, అరిసెలు, సున్నుండలు, పూతరేకులు, ఇవన్ని మనయే, ఇంట్ల చేస్తే ఒక్కదాంట్ల గోధుమ ఉండదు. ఉప్మా తినబుద్ధైతే బియ్యపు రవ్వతోని చెయ్యుర్రి, బొంబాయి రవ్వ, సేమియా రెండూ గోధుమనే. పెద్ద పండుగలకు బొబ్బట్లు, కజ్జికాయలు బియ్యప్పిండితో చేసే ఒడుపు కొంచెం కష్టం, వస్తది నిదానంగ.

ఆర్గానిక్ లైఫ్ హైద్:

మేడం, ఇదంతా ఇప్పటి హైబ్రిడ్ గోధుమల వల్ల వచ్చిన సమస్య. మా బంధువుల్లో ఒకాయనకి చపాతీ అస్సలు పడేది కాదు, ఖప్లీ గోధుమపిండికి మారాక హాయిగా తింటున్నాడు. మా ఏరియా ఆర్గానిక్ స్టోర్‌లో కూడా దొరుకుతోంది. కొన్నాళ్ళు ఆపేసి తర్వాత నెమ్మదిగా ఖప్లీ అలవాటు చేసి చూడండి, పిల్లలు కాబట్టి సెట్ అయిపోవచ్చు.

టైప్ వన్ నాన్న:

పైన చెప్పిన ఖప్లీ సలహా దయచేసి పాటించకండి. ఖప్లీ కూడా గోధుమే, అందులోనూ గ్లూటెన్ ఉంటుంది. బంధువుకి పడటం వేరు, ఆయనకి సీలియాక్ అని బయాప్సీలో తేలిందా? గోధుమ పడకపోవడానికి చాలా కారణాలుంటాయి, అలర్జీ వేరు, ఊరికే గ్యాస్ రావడం వేరు, సీలియాక్ అంటే మన ఒంట్లోని రోగనిరోధక శక్తే గ్లూటెన్ తగిలినప్పుడల్లా పేగు మీద దాడి చేయడం. వయసు పెరిగితే పోయేది కాదు, అలవాటు చేస్తే అలవాటయ్యేది అంతకన్నా కాదు. కొత్త గోధుమల వల్ల వచ్చిన జబ్బు కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45 చలికాలంలో, హాలండ్‌లో బ్రెడ్ దొరకని కరువు వస్తే ఈ జబ్బున్న పిల్లలు కోలుకున్నారు, బ్రెడ్ మళ్ళీ రాగానే మళ్ళీ పడిపోయారు, డికె అనే పిల్లల డాక్టర్ అది గమనించి గోధుమే కారణమని తేల్చారు.

మా బాబుకి టైప్ వన్ షుగర్, ఆ పిల్లలకి సీలియాక్ వచ్చే అవకాశం ఎక్కువని టెస్ట్ చేస్తారు, అలా బయటపడింది. కూకట్‌పల్లి మేడం, మీ అత్తయ్యగారికి చెప్పడానికి ఒక లెక్క ఇస్తాను. ఒక చపాతీకి సుమారు 30 గ్రాముల పిండి పడుతుంది, అందులో గ్లూటెన్ రెండు మూడు గ్రాములు. సీలియాక్ ఉన్నవాళ్ళకి రోజుకి 10 మిల్లీగ్రాముల లోపైతే మామూలుగా ఇబ్బంది ఉండదంటారు, రోజూ 50 మిల్లీగ్రాములు పోతే పేగు దెబ్బతింటుందని తేలింది. ఆ 10 మిల్లీగ్రాములంటే ఒక చపాతీలో రెండొందలో వంతో మూడొందలో వంతో. చిటికెడు ప్రసాదం ఆ హద్దు ఎప్పుడో దాటేస్తుంది. పైగా వెంటనే కడుపునొప్పి రావాలని రూల్ లేదు, మా వాడికి బయటికి ఏమీ కనిపించదు, లోపల టీటీజీ మాత్రం పెరుగుతుంది. అందుకే ఏమీ కాలేదుగా అనే మాట నమ్మొద్దు.

వ్రతానికి దారి వ్రత కథలోనే ఉంది. గోధుమ నూక లేకపోతే బియ్యప్పిండితో చేయొచ్చని మొదటి అధ్యాయంలోనే చెప్తారు. మా ఇంట్లో మా అమ్మ అలాగే బియ్యపు రవ్వ నేతిలో వేయించి, పంచదార, అరటిపండు, పాలు వేసి చేస్తోంది. పిల్ల కోసం వేరే గిన్నెలో కాకుండా అందరికీ అదే చేయండి, పాప కూడా అందరితో పాటు పళ్ళెం పట్టుకుంటుంది. అన్నవరం వెళ్తే మాత్రం జాగ్రత్త, అక్కడి ప్రసాదం గోధుమ నూకదే, కళ్ళకద్దుకుని నాన్నకి ఇచ్చేయమనండి.

మీ బాబుకి టెస్ట్ తప్పకుండా చేయించండి, మీ ఇద్దరు కూడా చేయించుకోండి. సీలియాక్ ఉన్నవాళ్ళ తోబుట్టువులు, తల్లిదండ్రుల్లో దాదాపు పదిమందిలో ఒకరికి ఉంటుంది, చాలామందికి లక్షణాలే ఉండవు. టెస్ట్ అయ్యేదాకా వాడికి గోధుమ ఆపకండి. టీటీజీ ఐజీఏతో పాటు టోటల్ ఐజీఏ కూడా రాయించండి, కొందరికి ఒంట్లో ఐజీఏ అనే యాంటీబాడీనే తక్కువుంటే టీటీజీ తప్పుగా నార్మల్ చూపిస్తుంది. హెచ్ఎల్ఏ డీక్యూ2, డీక్యూ8 అని జన్యుపరీక్ష కూడా ఉంది, ఆ రెండూ లేకపోతే సీలియాక్ వచ్చే అవకాశం దాదాపు లేనట్టే, ఉంటే మాత్రం జబ్బు ఉందని కాదు, మామూలు జనంలో కూడా మూడో వంతు మందికి పైగా అవి ఉంటాయి.

కూకట్‌పల్లి అమ్మ:

చాలా చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. వ్రతం సంగతి అత్తయ్యగారికి చెప్పాను, కథ పుస్తకం తీసి స్వయంగా చదువుకుని సరే బియ్యపు రవ్వే తెప్పించు అన్నారు, నాకు కన్నీళ్ళొక్కటే తక్కువ. ఇంగువ డబ్బా చూస్తే గోధుమపిండి అనే ఉంది, తీసేశాను. జొన్నరొట్టె అక్కా, మీరు బయట తింటారా? స్కూల్లో బర్త్‌డేలు, ఫంక్షన్లు, ఇవన్నీ తలుచుకుంటే పాప మొహం చూడలేకపోతున్నాను. అలాగే మిల్లెట్ బిస్కెట్లు అని చాలా వస్తున్నాయి కదా అవి ఇవ్వొచ్చా? పాల గురించి ఎవరూ చెప్పలేదు.

జొన్నరొట్టె:

పాలు ముందుగాల చెప్త. పాలల్ల చక్కెరను అరిగించే ఎంజైమ్ ఆ దెబ్బతిన్న పేగు పొర మీదనే తయారైతది, అందుకే ఇప్పుడు పడ్తలేవు. పేగు మానినంక చానామందికి మళ్ళ పడ్తయి. అంతదాక పెరుగు, మజ్జిగ పడ్తే ఇయ్యుర్రి, క్యాల్షియం, విటమిన్ డి డాక్టరుని అడిగి రాయించుకోర్రి. పాలల్ల హార్లిక్స్, బూస్ట్, బోర్న్‌విటా కలపకుర్రి, వాటిల్ల బార్లీ మాల్ట్ ఉంటది. ఇంట్ల చేసిన రాగిజావ ఇయ్యుర్రి.

మిల్లెట్ బిస్కెట్లంటరా, 2023ల మిల్లెట్ల సంవత్సరం అన్నప్పటి సంది ప్రతి కిరాణాల అవే, మన రాజేంద్రనగర్‌ల చిరుధాన్యాల పరిశోధన సంస్థనే ఉన్నది కాబట్టి ఇక్కడ ఇంకా ఎక్కువ. ముందు పెద్దగ రాగి బొమ్మ ఉంటది, వెనక చూస్తే మొదటి పేరే మైదా. మల్టీగ్రెయిన్ ఆటా కూడా సగానికెక్కువ గోధుమనే ఉంటది. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాసుండాలె, అట్ల రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకన్న ఎక్కువ గ్లూటెన్ ఉండొద్దని ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే సెంట్రల్ ఫుడ్ సేఫ్టీ వాళ్ళ రూల్. ఓట్స్ కూడా అంతే, గ్లూటెన్ ఫ్రీ అని రాసున్నవే, అవి కూడా మొదట్ల వద్దు, డాక్టరు సరే అన్నంకనే.

బయట తింట గని చానా తక్కువ. హలీం మాత్రం ఒక్క చెంచా కూడా లేదు, అది గోధుమలతోనే చేస్తరు, రంజాన్‌ల వాసనకే నోరూరుతది, ఖుబానీ కా మీఠా తెచ్చుకొని తింట. బిర్యానీ తెలిసిన హోటల్ల, వంటాయనను అడిగి, రైతాతోని తింట. ఉస్మానియా బిస్కెట్, డబుల్ కా మీఠా, సమోసా అస్సలు లేవు. బండి మీద మిర్చి బజ్జీ శనగపిండిదే గని అదే మూకుడుల మైసూర్ బజ్జీ కూడా ఏస్తరు, అది మైదా. చైనీస్ బండ్ల దగ్గర సోయా సాస్‌ల గోధుమ ఉంటది. టిఫిన్ సెంటర్ల దోశ ఏసే పెనం మీద పరోటా కాలుస్తరేమో చూడుర్రి, సాంబార్ల ఇంగువ ఉండనే ఉంటది. నేనైతే దోశకు ఇంటికే పోత.

స్కూలుకు క్లాస్ టీచర్ని కలిసి డాక్టర్ రాసిచ్చిన కాగితం ఇయ్యుర్రి. టీచర్ దగ్గర ఒక డబ్బా పెట్టి అందుల పల్లీ చిక్కీ, మురుకులు, లేబుల్ చూసిన చాక్లెట్లు ఉంచుర్రి, ఎవరిదన్న బర్త్‌డే కేక్ కోస్తే పాప తన డబ్బాల నుంచి తీసుకుంటది. డబ్బాల ఏముండాలెనో ఆమెనే ఏరుకోనియ్యుర్రి. లేబుల్ చదవడం కూడా ఇప్పటినుంచే ఆమెకే నేర్పుర్రి, మా అక్క బిడ్డ తొమ్మిదేండ్లది, నాకన్న ముందే వీట్, మాల్ట్, సూజీ అని వేలు పెట్టి చూపిస్తది.

టైప్ వన్ నాన్న:

ఇంకొకటి మర్చిపోకండి మేడం. ఆర్నెల్లకి ఒకసారి, తర్వాత ఏడాదికొకసారి టీటీజీ చూస్తూ ఉండాలి, తగ్గకపోతే ఎక్కడో గ్లూటెన్ వెళ్తోందని అర్థం, వంటిల్లంతా మళ్ళీ మొదట్నుంచి వెతకాలి. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డి, థైరాయిడ్ కూడా చూపించండి, సీలియాక్ ఉన్నవాళ్ళకి థైరాయిడ్ సమస్య మామూలు జనం కంటే ఎక్కువ వస్తుంది. పేగు మానేకొద్దీ పోషకాలు బాగా ఒంటికి పడతాయి, మా వాడికి గ్లూటెన్ ఆపాక ఇన్సులిన్ డోసు పెంచాల్సి వచ్చింది. అన్నం, బియ్యపు రవ్వ, పూతరేకులు ఇవే ఎక్కువైతే పిండిపదార్థం మరీ ఎక్కువైపోతుంది, పప్పు, గుడ్డు, ఆకుకూరలు, జొన్న సరిపడా ఉండేలా ఒక డైటీషియన్‌తో మాట్లాడండి. పిల్లలకి పేగు పెద్దవాళ్ళకంటే త్వరగా మానుతుంది, ఎత్తు కూడా అందుకుంటారు. చిన్నోడి రిపోర్ట్ వచ్చాక ఇక్కడే పెట్టండి, చూద్దాం.