పొద్దున సెల్ఫ్ పడుతుంది, మధ్యాహ్నం ‘టక్’మని ఊరుకుంటుంది

కాశీనగర్ రైతు, జూలై 9, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర. బండి 42 హెచ్‌పీ, తొమ్మిదేళ్ల ట్రాక్టరు. ఉభాల (వరి నాట్ల) సీజన్ కదా, రోజూ దమ్ముకే పోతోంది. పొద్దున ఆరింటికి తాళం తిప్పితే సెల్ఫ్ (ఇంజన్‌ని తిప్పే స్టార్టర్ మోటారు) ఒక్క తిప్పుకే అందుకుంటుంది. రెండు మూడు గంటలు దమ్ము చేసి, చద్దన్నం తినడానికి ఆపానా, ఇక అంతే. తాళం తిప్పితే ‘టక్’ అని ఒక్క చప్పుడు. ఇంజన్ కదలదు. పది పన్నెండు సార్లు తిప్పితే ఒకసారి పడుతుంది. మొన్న మడి మధ్యలోనే మొండికేస్తే పక్క రైతు బండి తెచ్చి గొలుసుతో లాగాల్సి వచ్చింది. దమ్ము చక్రాలతో లాగి స్టార్ట్ చేయడమంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

మెకానిక్ చూసి ‘బేటరీ ఖరాప్’ అన్నాడు. 88 ఏహెచ్‌ది కొత్తది వేశాను, ఏడు వేల పైచిలుకు. రెండు రోజులు బాగుంది, మూడో రోజు మళ్లీ టక్. అప్పటి నుంచి మడిలో బండి ఆపడమే మానేశాను. నేను అన్నం తింటున్నంతసేపూ అది పక్కన నిలబడి డీజిల్ తాగుతోంది.

పర్లాకిమిడి బండి, జూలై 9, రాత్రి 9:05

బ్యాటరీ టెర్మినల్స్ (వైర్లు బిగించే మొనలు) చూశావా అన్నయ్యా? మాకు ఇలాగే అయింది. పైకి అంతా శుభ్రం, క్లాంప్ విప్పితే లోపల పచ్చటి చిలుము. వేడినీళ్లలో సోడా ఉప్పు కలిపి కడిగి, ఉప్పు కాగితంతో రుద్ది, బిగించాక పైన కాస్త గ్రీజు పూశాను. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. స్పానర్ బాడీకి తగిలితే మెరుపులు చూస్తావు.

కాశీనగర్ రైతు, జూలై 9, రాత్రి 9:20

కొత్త బ్యాటరీ వేసినప్పుడే క్లాంపులు కూడా కొత్తవి వేశాం తమ్ముడూ.

గుణుపురం వైరింగ్ మేస్త్రి, జూలై 9, రాత్రి 10:10

బ్యాటరీ కొనకముందు అడిగి ఉంటే బాగుండేది. సరే, అయిందేదో అయింది. ఒక్క మాట చెప్పు తమ్ముడూ. హెడ్‌లైటు వేసి తాళం తిప్పి పట్టుకుంటే, ‘టక్’మన్నప్పుడు లైటు ఏమవుతోంది? పూర్తిగా చచ్చిపోతోందా, కొంచెం తగ్గుతోందా, అలాగే వెలుగుతోందా?

కాశీనగర్ రైతు, జూలై 10, మధ్యాహ్నం 12:50

ఇప్పుడే మడి గట్టు మీద చూశాను. టక్ అంటోంది, లైటు దాదాపు అలాగే ఉంది.

పాతపట్నం కుర్రాడు, జూలై 10, మధ్యాహ్నం 1:15

ఇంత ఎందుకు అన్నా, పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకుని సెల్ఫ్ మీదున్న రెండు పెద్ద బోల్టులు షార్ట్ చెయ్. తిరిగిందంటే సెల్ఫ్ మంచిదే. మేం రోజూ అలాగే స్టార్ట్ చేస్తాం.

గుణుపురం వైరింగ్ మేస్త్రి, జూలై 10, మధ్యాహ్నం 1:40

రోజూ అలాగే చేస్తావా? గేరులో ఉందో లేదో చూసుకోకుండా నేల మీద నిలబడి షార్ట్ చేస్తే నువ్వుండేది ఎక్కడో తెలుసా? వెనక చక్రం ముందు. డీజిల్ బండి ఒక్కసారి అందుకుంటే ఆగదు, మనిషి మీదుగా పోతుంది. క్లచ్ దగ్గర సేఫ్టీ స్విచ్ పెట్టింది అందుకే, నీ స్క్రూడ్రైవర్ దాన్ని కూడా దాటేస్తుంది. మా షాపుకొచ్చే ఒకాయన కాలు ఇలాగే పోయింది. ఆ పని మానెయ్ బాబూ.

కాశీనగర్ తమ్ముడూ, లైటు తగ్గలేదంటే నీ కొత్త బ్యాటరీ తప్పేం లేదు. పాతది కూడా అసలు దోషి కాదేమో. బ్యాటరీ నీరసంగా ఉంటే లైటు మసకబారుతుంది, సోలినాయిడ్ (సెల్ఫ్ మీద ఉండే, దానికి పెద్ద కరెంటు కలిపే స్విచ్) ‘టకటకటక’మని కొట్టుకుంటుంది. నీది ఒక్క టక్. లైటు తగ్గలేదంటే పెద్ద కరెంటు అసలు పోవడమే లేదు, దారిలో ఎక్కడో తెగింది. మల్టీమీటర్, అదే వోల్టేజీ కొలిచే మీటరు, ఉందా? లేకపోతే ఎవరినైనా అడుగు. చాలా ఖరీదేం కాదు, కొనుక్కున్నా నష్టం లేదు.

బండి న్యూట్రల్‌లో పెట్టి, బ్రేక్ లాక్ చేసి, ఇంజన్ ఆపే నాబ్ లాగి ఉంచు, పొరపాటున అందుకోకుండా. ఒకరు పైన కూర్చుని తాళం పట్టుకోవాలి, నువ్వు కింద మీటరు పట్టుకోవాలి. అందరూ చేసే తప్పు ఒకటుంది, తాళం తిప్పకుండా కొలుస్తారు. తిప్పి పట్టుకున్నప్పుడే కొలవాలి. కరెంటు ఎక్కడ ఆగిందో వోల్టేజీ అక్కడే కనపడుతుంది, ఇది గుర్తుంటే చాలు.

బ్యాటరీ ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య ఎంతుందో చూడు. తర్వాత మీటరు వైర్ల చివరుండే ముల్లుల్లో ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది సెల్ఫ్ బాడీ మీద. అది ఎర్త్, కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి. అర వోల్టు కూడా రాకూడదు. ఆ తర్వాత సోలినాయిడ్ మీద ఉన్న రెండు పెద్ద బోల్టుల మధ్య, ఒకదాని మీద ఒక ముల్లు. మూడూ రాసి పెట్టు. బండి వేడెక్కి మొండికేసినప్పుడే చెయ్, పొద్దున చేస్తే ఏం దొరకదు.

సిరోంచ పత్తి, జూలై 10, సాయంత్రం 6:30

మేం గోదారి ఇవతల, మహారాష్ట్రల ఉంటం. నాది వేరే రకం, టక్ కూడా లేకుండె. తాళం తిప్పితే ఏం సప్పుడు లేదు. బ్యాటరీ, సెల్ఫ్, తాళం అన్నీ చూసినం, రెండు రోజులు పోయినయ్. ఆఖరికి క్లచ్ పెడల్ కింద స్విచ్ కాడ వైరు ఎలుక కొరికిందని తేలింది. ఎండాకాలం షెడ్డుల బండి నిలబెడితే మొదలు ఎలుకల పని చూడాలె. మేస్త్రి అన్న, టక్ రాకుంటే మొదలు అటే చూడాలె కదా?

గుణుపురం వైరింగ్ మేస్త్రి, జూలై 10, సాయంత్రం 7:15

అవునన్నా. టక్ రాలేదంటే సోలినాయిడ్‌కి వెళ్లే సన్న వైరుకు కరెంటు అందట్లేదు. ఫ్యూజు, తాళం స్విచ్, క్లచ్ స్విచ్, ఆ సన్న వైరు, ఇవే. పెద్ద కేబుళ్ల జోలికి పోనక్కర్లేదు.

కాశీనగర్ రైతు, జూలై 11, సాయంత్రం 5:25

మీటరు దొరికింది, మా బావమరిది ఇంటి వైరింగ్ పనులకు వాడేది. మధ్యాహ్నం మొండికేసినప్పుడు చూశాం. వాడు పైన, నేను కింద బురదలో. తాళం తిప్పకముందు బ్యాటరీ 12.6. తిప్పి పట్టుకుంటే 12.3. ఎర్త్ దగ్గర దాదాపు సున్నా. ఆ రెండు బోల్టుల మధ్య 12.1! ఇది మంచిదా చెడ్డదా గురువుగారూ?

గుణుపురం వైరింగ్ మేస్త్రి, జూలై 11, రాత్రి 9:30

బండికి చెడ్డది, నీకు మంచిది. దొరికింది.

ఆ సోలినాయిడ్ లోపల ఒక రాగి బిళ్ల ఉంటుంది. తాళం తిప్పగానే పిస్టన్ లాంటి ముక్క దాన్ని తోసి రెండు రాగి బోల్టుల తలలకు అదుముతుంది. టక్ అనేది ఆ చప్పుడే. అదుముకుంటే రెంటి మధ్య వోల్టేజీ సున్నాకి దగ్గర్లో ఉండాలి. నీకు 12.1 వచ్చిందంటే బిళ్ల వస్తోంది కానీ ఆనట్లేదు. వేడెక్కినప్పుడే ఎందుకంటావా, లోపలి కాయిల్ వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది, లాగే బలం తగ్గుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గట్టిగా కొడుతుంది కాబట్టి అరిగిన బిళ్లయినా ఎలాగో ఆనుతోంది. ఆ బోల్టుల మధ్య సున్నా వచ్చి కూడా మోటారు తిరగకపోతే అప్పుడు మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అనుకునేవాణ్ణి.

సెల్ఫ్ దింపి పట్టుకురా. బ్యాటరీ మైనస్ తీయకుండా మాత్రం దింపకు.

కాశీనగర్ రైతు, జూలై 13, రాత్రి 8:00

గుణుపురం వెళ్లొచ్చాను. నా కళ్ల ముందే విప్పారు. రాగి బిళ్ల ఒక వైపు చంద్రవంకలా తినేసి ఉంది, నల్లగా మాడి. ఒక బోల్టు తల సగం లేదు. మేస్త్రి గారు బిళ్ల తిరగేసి, బోల్టులు సగం చుట్టు తిప్పి, అరగని వైపు ముందుకు తెచ్చి బిగించారు. ‘ఈ సీజన్ గట్టెక్కిస్తుంది, తర్వాత సెట్ మార్చుకో’ అన్నారు. బ్రష్‌లు ఇంకా ఉన్నాయట, వెనక బుష్ మాత్రం మార్చారు. దమ్ము బురద నీళ్లు లోపలికి ఎంత పోయాయో, విప్పితే మట్టి రాలింది. ఈరోజు మధ్యాహ్నం ఐదు సార్లు ఆపి ఐదు సార్లు స్టార్ట్ చేశాను, ఊరికే.

పర్లాకిమిడి బండి, జూలై 13, రాత్రి 8:20

అయితే ఆ ఏడు వేలూ దండగేనా అన్నయ్యా?

గుణుపురం వైరింగ్ మేస్త్రి, జూలై 13, రాత్రి 10:00

అసలు సంగతి అదే. బిళ్ల ఊరికే మాడదు. పాత బ్యాటరీ నీరసంగా ఉన్న రోజుల్లో అది కొట్టుకుని కొట్టుకుని మెరుపులకే తినేసింది. మరి బ్యాటరీ ఎందుకు నీరసించింది? తమ్ముడూ, ఇంజన్ నడుస్తుండగా, కొంచెం రేస్ ఇచ్చి, బ్యాటరీ మీద వోల్టేజీ ఎంతుందో చూసి చెప్పు. షాపులో మర్చిపోయాను.

కాశీనగర్ రైతు, జూలై 14, ఉదయం 6:45

12.7. రేస్ ఇచ్చినా అంతే.

గుణుపురం వైరింగ్ మేస్త్రి, జూలై 14, ఉదయం 7:10

14 దగ్గర ఉండాలి. బ్యాటరీని చార్జ్ చేసే డైనమో ఏమీ ఇవ్వట్లేదు, నీ కొత్త బ్యాటరీ కూడా నెలలో పడుకునేది. ఇంజన్ ఆపి, డైనమోని తిప్పే బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కు. ఎంత లోపలికి పోతోంది?

కాశీనగర్ రైతు, జూలై 14, ఉదయం 7:30

రెండు వేళ్ల మందం పైనే పోతోంది. లోపలి వైపు అద్దంలా మెరుస్తోంది కూడా.

గుణుపురం వైరింగ్ మేస్త్రి, జూలై 14, ఉదయం 7:35

ఒక వేలు మందం పోతే చాలు. మెరుస్తోందంటే జారుతోంది. కొత్త బెల్టు వేసి మళ్లీ కొలువు.

కాశీనగర్ రైతు, జూలై 16, రాత్రి 8:15

కొత్త బెల్టు వేశాం. 14.1. పాత బ్యాటరీ ఇంకా అమ్మలేదు, చార్జింగ్ పెట్టి చూస్తే 12.5 దగ్గర నిలబడింది. అది మా బావమరిది పట్టుకుపోయాడు, ఇన్వర్టరుకు. మీటరు తెచ్చింది వాడే కదా, అడగలేకపోయాను.