చిన్న పీహెచ్‌పీ సైట్లకు కోడ్ ఎలా సర్దుకోవాలి?

నల్లగొండ నుంచి:
అన్నలూ, నేను ఊళ్లోనే ఉండి చిన్న సైట్లు చేస్తుంటాను. ఒక బడికి, ఒక రైస్ మిల్లుకు, బత్తాయిలు కొనే వ్యాపారికి, ఇలా మొత్తం తొమ్మిది. అన్నీ ఒకటే తీరు, ప్రతి ఫైల్ పైన డేటాబేస్ కనెక్షన్, మధ్యలో క్వెరీ (డేటాబేస్‌ను సమాచారం అడిగే లైన్), కింద హెచ్‌టీఎంఎల్. పోయిన వారం హోస్టింగ్ వాళ్లు పీహెచ్‌పీ 8కు మార్చారు, పొద్దున లేచేసరికి మూడు సైట్లు తెల్ల పేజీలే. లాగ్ చూస్తే మైఎస్‌క్యూఎల్_క్వెరీ అనే ఫంక్షనే లేదంటోంది. అది నలభై ఫైళ్లలో ఉంది! బడి వాళ్లకు అడ్మిషన్ల సమయం, ఫోన్ల మీద ఫోన్లు, రెండు రాత్రులు కూర్చుని మార్చాను. మళ్లీ ఇంత టెన్షన్ పడలేను. లారావెల్ (పీహెచ్‌పీలో సైట్లు కట్టే రెడీమేడ్ ఫ్రేమ్‌వర్క్) నేర్చుకోవాలా, ఉన్నదాన్నే సర్దుకోవచ్చా?

మహబూబ్‌నగర్ నుంచి:
తమ్మీ, ఆ ఫంక్షన్లను 2015 డిసెంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 7లోనే తీసేశారు, నీ సర్వర్ ఇన్నేళ్లూ 5 మీదే నడిచింది. క్వెరీలన్నీ ఒక్కచోట ఉండి ఉంటే గంటలో అయిపోయే పని ఇది.

బత్తాయి సైట్‌నే తీసుకో. ధరల కోసం విడిగా ఒక ఫైల్ పెట్టి అందులో నేటి ధరలు తెచ్చే ఫంక్షన్ రాయి, క్వెరీ దాని లోపలే ఉండాలి, బయటికి అర్రే, అంటే ధరల జాబితా, మాత్రమే రావాలి. పేజీ ఫైల్ ఆ అర్రే మీద లూప్ తిప్పి చూపిస్తుంది, అంతే, డేటాబేస్ ఊసే దానికి వద్దు. డేటాబేస్‌తో మాట్లాడటానికి పీహెచ్‌పీ ఇచ్చే పీడీవో వాడు, ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (క్వెరీని, దానిలోకి వెళ్లే విలువలను విడివిడిగా ఇచ్చే పద్ధతి) తప్పనిసరి. ఫారంలో వచ్చింది వచ్చినట్టు క్వెరీలో అతికిస్తే ఎవరైనా నీ డేటా మొత్తం లాగేస్తారు. తెర మీద చూపే ముందు హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ఫంక్షన్ మర్చిపోకు, ఎవరైనా ట్యాగులు రాసి పంపినా అవి మామూలు అక్షరాల్లాగే కనిపిస్తాయి.

మిర్యాలగూడ నుంచి:
పై అన్న చెప్పిందే నా మాట కూడా. ఇంకొకటి, పాస్‌వర్డ్ ఉన్న కాన్ఫిగ్ ఫైల్‌ను పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్ (బ్రౌజర్‌కు అందే ఫైళ్లు ఉండే చోటు) బయట పెట్టు, సర్వర్ సెట్టింగ్ ఎప్పుడైనా చెడి పీహెచ్‌పీ నడవకపోతే లోపల ఉన్న ఫైళ్లు బ్రౌజర్‌లో కోడ్‌తో సహా కనిపిస్తాయి. ఐదు పేజీల మిల్లు సైట్‌కు లారావెల్ బరువే, దాని వర్షన్లు మార్చుకుంటూ పోవడమే ఒక పని అవుతుంది. లాగిన్లు, ఆర్డర్లు, పేమెంట్లు వస్తే మాత్రం సొంతంగా రాయకు, అప్పుడు లారావెల్‌కే పో.

నల్లగొండ నుంచి:
థాంక్స్ అన్నా. ధరల పేజీ విడదీశాను, చదువుతుంటే నా కోడ్ నాకే అర్థమవుతోంది, చాలా సంతోషంగా ఉంది. హెడర్, మెనూ మాత్రం ఇంకా ప్రతి ఫైల్‌లో కాపీలే ఉన్నాయి. అన్ని సైట్లూ ఒకేసారి మార్చేయనా?

మహబూబ్‌నగర్ నుంచి:
వద్దు తమ్మీ. ఎవరైనా ఏదైనా మార్పు అడిగినప్పుడు ఆ పేజీ వరకే సర్దు. హెడర్, ఫుటర్ రెండు ఫైళ్లుగా తీసి రిక్వైర్‌తో ప్రతి పేజీలోకి తెచ్చుకో, కానీ ముందు అంతా గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) పెట్టు. ఇంట్లో సిస్టమ్‌లో కూడా హోస్టింగ్‌లో ఉన్న పీహెచ్‌పీ వర్షనే వేసుకో.