హన్మకొండ–వరంగల్ సిటీ బస్సు: ఇంకా కావాలా, షేర్ ఆటోలే చాలా?

నయీంనగర్ 06
మొన్న వానలో జరిగింది చెప్తా, తర్వాత మీరే చెప్పండి. నయీంనగర్‌లో పావు తక్కువ తొమ్మిదికి సిటీ బస్సు ఎక్కినా, వరంగల్ చౌరస్తాలో దిగాలె. కిటికీ అద్దం కిందికి జారకుండా ఎవరో సుతిలి తాడుతో కట్టిన్రు, ఆ తాడు పట్టుకునే నీళ్లు ధారగా సీట్లోకి వస్తున్నయి. సీట్లన్నీ నిండి ఉన్నా ఆ ఒక్కటి ఎందుకు ఖాళీగా ఉందో కూర్చున్నాక గాని తెల్వలే. ములుగు రోడ్డు దాటక ముందే గేరు పడక బండి ఆగింది. డ్రైవరన్న రెండుసార్లు కిందికి మీదికి తిరిగి "దిగండి, వెనక బండి వస్తది" అన్నడు. ఇరవై ఐదు నిమిషాలు చూసినం. రాలే. నలభై మందిమి ఆటోల మీద పడ్డం, మా షాపులో ఆ పూట సగం జీతం కట్.

ఈ బస్సుల్ని బాగు చేయాలని లొల్లి చేద్దామా, లేక షేర్ ఆటోలకే వదిలేసి ఊరుకుందామా?

ఉర్సుగుట్ట కుర్రాడు
వదిలేయడమే అన్నా. చెయ్యి ఎత్తితే రెండు నిమిషాల్లో ఆటో ఆగుతది, సందు మొదట్లో దింపుతది. బస్సంటే టైమ్ ఉన్నోళ్లకే. పైగా 2023 డిసెంబర్ 9 నుంచి మహిళలకు ఫ్రీ అయినప్పటి నుంచి మేం టికెట్ కొని కూడా ఫుట్‌బోర్డు మీదనే. డబ్బులు కట్టేటోడికి సీటు లేదు, ఇదేం లెక్క?

రంగశాయిపేట అక్క
తమ్ముడూ, ఆ లెక్క నేను చెప్తా విను. నేను హన్మకొండలో చీరల షాపులో చేస్తా. రంగశాయిపేట నుంచి వరంగల్ చౌరస్తాకు ఒక ఆటో, అక్కడి నుంచి ఇంకో ఆటో, పోను రాను 80 రూపాయలు. నెలకు 26 రోజులంటే 2,080. నా జీతంలో అది చిన్న ముక్క కాదు. ఇప్పుడు బస్సు ఫ్రీ కాబట్టి ఆ డబ్బు పిల్ల ట్యూషన్‌కు పోతున్నది.

ఇంకోటి, ఆడోళ్లకు ఇచ్చే జీరో టికెట్ అంటే ఎవరూ కట్టనిది అని కాదు. ఆ పైసలు సంస్థకు సర్కారు కట్టాలె, అందుకే కండక్టర్ ఒక్కొక్కరికీ టికెట్ కొట్టి ఇస్తది. జనం పెరిగిన్రు, బస్సులు అంత పెరగలేదు, తప్పు ఎక్కినోళ్లదా? రాత్రి తొమ్మిదిన్నరకు షాపు మూసినంక ఆటోలో డ్రైవర్ పక్కన సగం సీటు మీద కూర్చుని వచ్చి చూడు ఒకసారి.

డిపో గోడ పక్కిల్లు
మా నాయిన గ్యారేజీల మెకానిక్‌గ చేసి రిటైరయిండు, చిన్నప్పటి నుంచి ఇంట్ల ఇదే ముచ్చట. బండి వయసు తెల్వాలంటే నంబర్ ప్లేటు చూస్తే చాలు. ఏపీ 36 అని ఉంటే 2014 జూన్‌కు ముందు రోడ్డెక్కిన బండి. టీఎస్ అంటే ఆ తర్వాతది, టీజీ అంటే 2024 మార్చి తర్వాత వచ్చింది. (నంబర్‌లో జెడ్ ఉంటది కదా, అది నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని మా నాయిన చెప్తడు.) 15 ఏళ్లు దాటిన సర్కారు బండ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ ఉండదని కేంద్రం రూల్ పెట్టింది, ఆర్టీసీ బస్సులకూ అదే. మరి పన్నెండేళ్ల బండి రూల్ ప్రకారం ఓకేనే, కానీ అది ఎక్కడ తిరిగి వచ్చిందన్నది ఎవరూ చూడరు.

అసలు కిటుకు అక్కడుంది. దూరం రూట్లో ఎక్స్‌ప్రెస్‌గా అరిగినంక చాలా బండ్లను పల్లెవెలుగుకో సిటీకో మారుస్తరు. హైవే మీద టాప్ గేర్‌లో పోయిన ఇంజిన్, ఇప్పుడు పోచమ్మ మైదాన్ దగ్గర ఐదు నిమిషాల్లో ఇరవైసార్లు క్లచ్ తొక్కించుకుంటది. క్లచ్ ప్లేటు, బ్రేక్ లైనర్లు ముందే పోతయి. నయీంనగర్ అన్నా, నీ బస్సు ములుగు రోడ్డులో గేరు పడక ఆగిందంటే నాకేం వింత అనిపించలే.

మెట్లు చూడండి, మూడు మెట్లు, మొదటిది మోకాలెత్తు. ఒకటే డోరు. ఎంజీఎం దవాఖాన దగ్గర కట్టు కట్టిన కాలుతో ఒకాయన ఎక్కాలంటే కింద ఇద్దరు, మీద ఒకరు పట్టాలె, అంతసేపూ దిగేటోళ్లు లోపల, ఎక్కేటోళ్లు బయట నిలబడుడే. ఆటో ఎందుకు గెలుస్తున్నదో అక్కడ నిలబడితే తెలుస్తది.

ఖాకీ చొక్కా
నేను ఆటో తోలుతా. అందరూ మాట్లాడిన్రు, మా మాట కూడా వినండి. ఫ్రీ బస్సు వచ్చిన నెలలో నా గల్లా సగానికి పడింది, ఫైనాన్స్ కిస్తీ మాత్రం పడలే. నా పర్మిట్‌కు ముగ్గురే, ఏడుగురిని ఎక్కిస్తా, ఒప్పుకుంటా. ముగ్గురితో తోలితే డీజిల్ కూడా రాదు. బస్సు టైమ్‌కు వస్తే మెయిన్ రోడ్డు మాకు పోతది, అది నిజమే. కానీ కరీమాబాద్ సందుల్లోకి, భీమారం లోపలి కాలనీల్లోకి బస్సు ఎట్లొస్తది? అక్కడికి మేం పోతాం. మెయిన్ రోడ్డు మీద బస్సు, లోపలికి ఆటో అని ఎవరన్నా కూర్చోబెట్టి మాట్లాడితే మేం కాదనం.

ఉర్సుగుట్ట కుర్రాడు
ఖాకీ అన్నా, నువ్వే బస్సు కావాలంటున్నవ్!

ఖాకీ చొక్కా
మా అమ్మ డయాలసిస్‌కు బస్సులోనే పోతది తమ్మీ. ఆ టైమ్‌లో నేను కిరాయిల మీద ఉంటా.

కాజీపేట రిటైర్డ్ మాస్టారు
"ఆటోలే చాలు" అనేవాళ్లు 2019 మర్చిపోయారు. అక్టోబర్ 5న ఆర్టీసీ సమ్మె మొదలైంది, 52 రోజులు సాగింది. తాత్కాలిక డ్రైవర్లతో కొన్ని బండ్లు తిప్పారు గానీ, కాజీపేట జంక్షన్‌లో రైలు దిగి సుబేదారి పోవాలంటే ఆటోవాళ్లు అడిగిందే రేటు. నేను మామూలుకు రెండింతలు ఇచ్చాను, రసీదు ఎవరిస్తారు? సమ్మె ముగిశాక కిలోమీటరుకు 20 పైసలు చార్జీ పెంచితే అందరం గొణిగాం, కానీ బస్సు కనబడితే చాలనిపించింది. నిజాం కాలంలో, 1932లో, 27 బస్సులతో మొదలైంది ఈ వ్యవస్థ. దాన్ని పోగొట్టుకోవడం ఎంతసేపు?

మెట్రో నియో (రబ్బరు టైర్ల మీద నడిచే చిన్న మెట్రో) అని కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా గీతలు గీశారు, పేపర్లో మ్యాప్ కూడా చూశాను. నాకు మ్యాప్ వద్దు, స్టాపులో టైమ్ రాసిన రేకు ఒకటి చాలు.

నయీంనగర్ 06
మాస్టారు సార్, నేను చెప్పాలనుకున్నది అదే. సీటు లేకున్నా నిలబడతా, తాడు కట్టిన అద్దం కూడా ఓకే. కానీ 8.45 బస్సు ఈ రోజు ఉందో లేదో తెల్వకపోవుడే అసలు టెన్షన్. మేడారం జాతర వస్తే ఉన్న బండ్లు కూడా అటు పోతయి, రెండేళ్లకోసారి కాబట్టి సరే, తల్లుల దగ్గరికే కదా. మిగతా రోజుల సంగతేంది?

ఉర్సుగుట్ట కుర్రాడు
సరే. అక్క చెప్పిన లెక్క రాత్రి మా అమ్మకు చూపిస్తే నన్నే తిట్టింది. ఒక వారం బస్సే ఎక్కుతా, టైమ్ రాసి ఇక్కడ పెడతా.

ఉర్సుగుట్ట కుర్రాడు
మొదటి రోజు. 8.40కి స్టాపులో ఉన్నా. 9.06కి వచ్చింది. ఈలోపు పదకొండు ఆటోలు ఆగి "ఎక్కుతవా" అని అడిగినయి. ప్లేటు ఏపీ 36. నిలబడే పోయినా, మధ్యలో మాత్రం ఆగలే.