అప్‌డేట్: పాప పుట్టింది

41 వారాలు నిండినా నొప్పులు రాలేదు, మందుతో తెప్పిస్తే సిజేరియన్ తప్పదా అని టెన్షన్ పడుతూ పోయిన నెల మిమ్మల్ని అడిగాను కదా. కావలి నుంచి నెల్లూరు వెళ్లి అడ్మిట్ అయ్యాను. గర్భసంచి ముఖం ఇంకా మెత్తబడలేదని సాయంత్రం జెల్ పెట్టారు. రాత్రంతా సన్నగా నడుము నొప్పే. పొద్దున ఉమ్మనీటి సంచి చిట్లించి నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ మందు డ్రిప్ ఎక్కించాక మాత్రం నొప్పులు ఊపిరి తిప్పుకోనివ్వలేదు. పాప గుండె చప్పుడు మెషీన్‌లో చూస్తూనే ఉన్నారు. అమ్మ నా చెయ్యి వదల్లేదు. సాయంత్రం 4 గంటలకు మామూలు కాన్పే, 3.1 కిలోలు, పుట్టగానే గట్టిగా ఏడ్చింది!

2018లో వచ్చిన అమెరికా అధ్యయనంలో, ఏ ఇబ్బందీ లేని తొలి కాన్పు తల్లులకు 39వ వారంలో నొప్పులు తెప్పిస్తే సిజేరియన్లు 18.6 శాతం, అలా తెప్పించకుండా ఆగినవాళ్లలో 22.2 శాతం. ముందు సిజేరియన్ అయినవాళ్లకు ఈ లెక్క వర్తించదు, పాత కుట్టు చిట్లే ప్రమాదం ఉంటుంది. అక్కలూ, మీరు డాక్టరమ్మను విడిగా అడగండి.