అప్‌డేట్: మల్టిపుల్ స్క్లెరోసిస్, ఎండాకాలం, వంటింటి పని

ఒడిశాలోని మా రాయగడ ఎండలకు కాళ్లు మొద్దుబారి చూపు మసకేస్తోంది, ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడు, వెన్నుపాముల్లో నరాల పైపొర దెబ్బతినే జబ్బు) ముదురుతోందా అని ఇక్కడ ఇదివరకు అడిగింది నేనే. న్యూరాలజిస్టు ఏమన్నారంటే, ఒంట్లో వేడి పెరిగితే దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు సరిగా నడవవట, చల్లబడితే మళ్లీ మామూలేనట, జ్వరం లేకుండా కొత్త లక్షణం 24 గంటలు దాటితే మాత్రం ఫోన్ చేయమన్నారు. సగం టెన్షన్ అక్కడే పోయింది. ఇప్పుడు వంట తెల్లారేసరికే అయిపోవాలి, అదీ ఎత్తు స్టూలు మీద కూర్చుని, మెడకు తడి తువ్వాలు చుట్టుకుని. బట్టలు ఆరేసేది మా ఆయన (ఎలా ఆరేస్తారో అడక్కండి). బాత్రూం గోడకు స్టీలు రాడ్డు బిగించాం, అత్తయ్యగారూ అదే పట్టుకుంటున్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఎంఎస్ కూడా ఉందని మీలో ఒకరు చెప్పారు కదా, నిజమే, యూడీఐడీ కార్డుకు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) అప్లై చేశాం. ఆఫీసులో ఒడియా మాటలన్నీ మా పాపే చూసుకుంది.