గోండి సగాల పేర్లలో ఉన్న లెక్క

ఉట్నూరు వైపు మా గోండు ఫ్రెండ్ ఒకడు, పెళ్లి సంబంధం మాటొస్తే ముందు ఎన్ని దేవుళ్లోళ్లో అడుగుతారు అన్నాడు. నాలుగు దేవుళ్లు, ఏడు దేవుళ్లు అట్లా. ఇది గోత్రం లాంటిదేనా? గోండిలో దీనికి మాటేంటి?

—

గోత్రం లాంటిదే అన్నా, కానీ లెక్క వేరే. దాన్ని సగా అంటరు. మొత్తం నాలుగు: ఏర్వెన్, సార్వెన్, సివెన్, నాల్వెన్. అంటే ఏడుగురు, ఆరుగురు, ఐదుగురు, నలుగురు అన్నదమ్ముల సంతతి అన్నట్టు. ఒక సగాలో ఎన్ని ఇంటిపేర్లున్నా అందరూ అన్నదమ్ములే, అందుకే సగా లోపల పెళ్లి కుదరదు. కేస్లాపూర్ నాగోబాను కొలిచే మెస్రం ఇంటిపేరు వాళ్లు ఏడోళ్లు, అంటే ఏర్వెన్ సగా. గోండుల పురాణాల్లోని మూలపురుషుడు పహాండి కుపార్ లింగల్ గోండులను ఇట్లా నాలుగు సగాలు చేసిండని, వాళ్ల కథలు పాడే పర్ధాన్లు కిక్రి అనే తీగవాయిద్యం వాయించుకుంటూ పాడతరు.

ఇగ మాట సంగతి, నాకు ఇదే చాలా ఇష్టం. మనకు పాత తెలుగులో నల్వురు, ఏవురు, ఆర్వురు, ఏడ్వురు అని ఉన్నయి కదా, ఇప్పటికీ ఇరువురు మువ్వురు అంటం కూడా. వాటి పక్కన నాల్వెన్, సివెన్, సార్వెన్, ఏర్వెన్ పెట్టి చూడండి. మనుషులను లెక్కపెట్టేటప్పుడు వచ్చే ఆ ‘వ’ రెండు వైపులా ఒకటే అని నాకు గట్టిగా అనిపిస్తది.

—

అయితే గోండి తెలుగులోంచి వచ్చిన యాస అన్నట్టేగా? లిపి కూడా లేదంటారు.

—

కాదండీ, ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తది. గోండిలో ఐదు అంటే సయ్యుంగ్, ఆరు అంటే సారుంగ్. మొదట్లో ఆ ‘స’ చూసిన్రా, మూల ద్రావిడంలో, అంటే ఈ భాషలన్నిటికీ తల్లి భాషలో, అక్కడ ‘చ’ ఉండేది, తెలుగులోనూ తమిళంలోనూ అది రాలిపోయి ఐదు, ఆరు మిగిలినయి, గోండిలో ‘స’గా నిలిచింది. ఉప్పు కూడా అంతే, వాళ్లు సొవ్వర్ అంటరు, కొన్ని చోట్ల హొవ్వర్. మన దగ్గర లేని అక్షరం మన దగ్గర్నుంచి ఎట్లా తీసుకుంటరు? ఒక తల్లి పిల్లలం, అంతే, అందులో వాళ్లు దాచుకున్నది మనం పోగొట్టుకున్నం. లిపి ఉంటేనే భాష అన్న లెక్కే తప్పు, అయినా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు కూడా వచ్చింది.

గ్రూప్‌లో ఇంట్లో గోండి మాట్లాడేవాళ్లు ఉంటే మీ ఊళ్లో ఒకటి నుంచి పది దాకా ఎట్లా లెక్కపెడతరో రాయండి. ‘స’ అంటరా ‘హ’ అంటరా, ఊరి పేరుతో సహా చెప్తే ఇంకా మంచిది.